వేడరోచ్ఛ్వాసం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

డార్త్ వేడర్ అనే పాత్ర 1977 మే 25న అమెరికాలో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రంలో మొదటిసారి తెరకెక్కింది. కర్త జార్జ్ లూకస్. ఈ పాత్రలో శరీరం ఒకరిది, కంఠం మరొకరిది, ఊపిరి ఒక పరికరానిది. నల్ల తొడుగులో నడిచినవాడు డేవిడ్ ప్రౌజ్ అనే ఇంగ్లండు వస్తాదు. మాట్లాడినవాడు జేమ్స్ ఎర్ల్ జోన్స్. మొదటి రెండు చిత్రాల్లో ఆయన కోరిక మీదే పేరు వేయలేదు. ఊపిరి సంగతికొస్తే, శబ్దశిల్పి బెన్ బర్ట్ నీటి అడుగున ఈదేవారు వాడే స్కూబా రెగ్యులేటరులోంచి గాలి పీల్చి, వదిలి రికార్డు చేసినది.

ఈ మూడింటిలో మూలగ్రంథంగా స్వీకరించదగినది ఊపిరే. శరీరానికి తరవాతి కాలంలో వేరే శరీరాలు వచ్చాయి. మాటలకు పాఠభేదాలు వచ్చాయి. ఊపిరి ఒక్కటే లేఖకదోషం సోకకుండా నిలిచింది. పైగా ఇది మిక్కిలి చిన్న గ్రంథం. చిన్న గ్రంథాలకే పెద్ద వ్యాఖ్యలు పుడతాయి: బాదరాయణుడి సూత్రాలు జేబులో పడతాయి, వాటి భాష్యాలకు బీరువాలు కావాలి.

మూలం

(లోపలికి) . . . (బయటికి) . . .

ప్రతిపదార్థం

సుగమం.

అన్వయం

1977 నాటి చిత్రం ఈ ఊపిరికి కారణం చెప్పదు. చెప్పమని అప్పట్లో ఎవరూ అడగనూ లేదు. తెల్లటి ఓడ, అందులో పొగ, పొగలోంచి నల్లటి ఆకారం, దానితోపాటే ఈ చప్పుడు. భయానక రసానికి కావలసిన ఆలంబన, ఉద్దీపన విభావాలు రెండూ ఒక్క షాటులో కుదిరాయి. కవి ఇంకేమీ చేయనక్కరలేదు; చేయలేదు.

ముసుగు పుట్టుక ఇంకా సాదాసీదాది. వేడర్ ఒక ఓడలోంచి మరో ఓడలోకి శూన్యం గుండా దాటవలసి ఉంటుంది కదా, అక్కడ గాలి ఉండదు కదా అని ఆలోచించి చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ దాన్ని గీశాడు. అనగా ఆ ముసుగుకు ప్రథమ హేతువు ప్రయాణ సౌకర్యం. ఇందులో తల్లి లేదు, భార్య లేదు, శాపం లేదు, జోస్యం లేదు.

పాత్ర హోదా కూడా ఆ చిత్రంలో మరీ గొప్పది కాదు. పీటర్ కుషింగ్ వేసిన టార్కిన్ అనే అధికారి వదిలెయ్యమంటే వేడర్ పట్టుకున్న గొంతు వదిలేస్తాడు. 121 నిమిషాల చిత్రంలో అతడు కనిపించేది కొద్ది నిమిషాలే. పూర్వకథ అంతా కలిపి ఓబీ-వాన్ కెనోబీ అనే ముసలి జెడై యోధుడి నోట రెండు మూడు వాక్యాలు: వేడర్ తన శిష్యుడు, దారి తప్పాడు, కథానాయకుడైన ల్యూక్ తండ్రిని చంపాడు. ఈ మూడు ముక్కలతో ప్రేక్షకుడు ఒక మనిషిని కట్టుకున్నాడు. ఆ మనిషి బాగానే నిలబడ్డాడు.

తరవాత 1980లో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ వచ్చింది. 1978లో లీ బ్రాకెట్ రాసిన తొలి ప్రతిలో ల్యూక్ తండ్రి వేరు, వేడర్ వేరు. తండ్రి ఆత్మరూపంలో వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. ఆ ప్రతి అందించిన కొద్దికాలానికే ఆమె మరణించింది. తరవాతి ప్రతిలో లూకస్ ఆ ఇద్దరినీ ఒక్కరిని చేశాడు. గుట్టు బయటపడకుండా సెట్లో ప్రౌజ్ చేత ఒక వాక్యం పలికించి, థియేటర్లో జోన్స్ కంఠంతో మరో వాక్యం వినిపించారు. విన్నవారు నిర్ఘాంతపోయారు. అంతకు ముందటి చిత్రంలో కెనోబీ చెప్పినది అబద్ధమైపోయింది కనుక, ఆ చిక్కును విప్పడానికి 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో చనిపోయిన కెనోబీనే మళ్లీ రప్పించారు. తన మాట ఒక కోణంలోంచి చూస్తే నిజమేనని ఆయన వివరిస్తాడు.

కెనోబీ ఇక్కడ ఆశ్రయించినది లక్షణావృత్తి. గంగలో పల్లె ఉందంటే నీళ్లమీద ఇళ్లున్నాయని కాదు, ఒడ్డున ఉన్నాయని ఆలంకారికులు అర్థం చెబుతారు. ముఖ్యార్థానికి బాధ కలగాలి, దానితో సంబంధమున్న మరో అర్థం దొరకాలి, రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలి. ‘వేడర్ నీ తండ్రిని చంపాడు’ అన్నచోట ముఖ్యార్థబాధ కావలసినంత ఉంది: తండ్రి ఎదురుగా బతికే ఉన్నాడు. లోపలి మంచివాడు చచ్చాడన్నది లక్ష్యార్థం. ప్రయోజనం, స్క్రిప్టు రాసినవారి పరువు దక్కడం. మూడు షరతులూ నెరవేరాయి కనుక ఇది శాస్త్రసమ్మతమే. పూర్వకథ అక్కడితో చాలించి ఉంటే ఈ టీకకు పని ఉండేది కాదు.

పూర్వకథాత్రయం

‘ది ఫాంటమ్ మెనేస్’ (1999), ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ (2002), ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ (2005) అనే మూడు చిత్రాలు పై ఊపిరికి లూకస్ స్వయంగా రాసుకున్న వ్యాఖ్య. మొదటి దానిలో వేడర్ తొమ్మిదేళ్ల పిల్లవాడు. పేరు అనకిన్ స్కైవాకర్. టాటూయిన్ అనే ఎడారి గ్రహంలో బానిస. వేసినవాడు జేక్ లాయిడ్. తండ్రి లేకుండా పుట్టాడు. నెత్తుటిలో మిడిక్లోరియన్లనే సూక్ష్మజీవులు 20,000కు మించి ఉన్నాయి. పందెం గెలిచాడు, తల్లిని విడిచి వెళ్లాడు. రెండో దానిలో హేడెన్ క్రిస్టెన్సెన్ శరీరంతో పెరిగి పెద్దవాడై, ఇసుకంటే తనకు గిట్టదని ఒకప్పుడు రాణిగా ఏలిన పద్మేకు చెప్పి, తల్లి చావుకు ప్రతీకారంగా ఒక గుడారాల తెగను పిల్లలతో సహా నరికి, చివరికి పద్మేను పెళ్లాడాడు. మూడో దానిలో భార్య చనిపోతుందని కలగని, ఆమెను కాపాడుకోవడానికి కాబోయే చక్రవర్తి పాల్పటీన్ పక్షం చేరి, ముస్తఫార్ లావా ఒడ్డున కాళ్లూ చెయ్యీ పోగొట్టుకుని కాలిపోయి, చివరికి ముసుగు తొడిగించుకున్నాడు. ఊపిరి మొదలైంది.

వాక్యం వాక్యమనిపించుకోవాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలని తార్కికులు అంటారు. పూర్వకథకూ ఇవే చాలు.

సన్నిధి: ‘ఆవును’ అని ఇప్పుడు పలికి, ‘తోలుకురా’ అని జాము గడిచాక పలికితే వాక్యం కుదరదు. 1983కూ 1999కీ నడుమ 16 ఏళ్లున్నాయి. తార్కికులు జాము దాకానే ఆలోచించారు కనుక దీన్ని క్షమించవచ్చు.

యోగ్యత: ‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యానికి యోగ్యత లేదు. 1977లో గొంతు పెగలనివ్వకుండా మనుషుల్ని పైకెత్తిన చెయ్యి, చిన్నతనంలో సి-త్రీపీఓ అనే గాభరా మరమనిషికి మరలు బిగించిందనడం ఈ కోవలోకి వస్తుంది. ఆ మరమనిషి పాత చిత్రాల్లో వేడర్‌కు అందేంత దూరంలోకి వస్తుంది. సృష్టికర్త ఒక్కసారైనా తేరిపార చూసిన పాపాన పోలేదు.

ఆకాంక్ష: మొదటి మాట వినగానే రెండో మాట కోసం మనసు ఎదురుచూడడం. ‘బాహుబలి’ మొదటి భాగం 2015లో ఒక హత్యతో ఆగిపోతే, ఎందుకు చంపాడన్న ప్రశ్న రెండేళ్లు జనం నోట నానింది. 2017లో వచ్చిన రెండో భాగం దానికి జవాబు. అది ఆకాంక్ష. సి-త్రీపీఓను బిగించినదెవరని 16 ఏళ్లలో నిద్ర పట్టనివాడు ఒక్కడైనా ఉన్నట్టు ఆధారం లేదు. ‘ఇంతవరకూ చెప్పని కథ’ అని ఈ రకం చిత్రాలకు ప్రకటనలు వేస్తారు. చెప్పకపోవడానికి ఏదైనా కారణం ఉండి ఉంటుందేమోనన్న అనుమానం వేసేవారికి రాదు.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: 1983లో ల్యూక్ తోబుట్టువు లేయా తన కన్నతల్లి తాను పసితనంలో ఉండగా పోయిందనీ, అందంగా, దిగులుగా ఉండేదనీ గుర్తు చేసుకుంటుంది. 2005లో ఆ తల్లి ప్రసవ సమయంలోనే మరణించింది. సమాధానం: దిగులును గుర్తించడానికి కొన్ని క్షణాలు చాలునని గ్రహించాలి.

ఆక్షేపం: ల్యూక్ పెద్దవాడయ్యాక తన ఖడ్గం అతడికి ఇవ్వాలని తండ్రి కోరినట్టు కెనోబీ చెబుతాడు. 2005లో ఆ తండ్రి కాలిపోతుండగా కెనోబీ ఒడ్డున పడిన ఖడ్గాన్ని తానే ఏరుకుని పోయాడు. సమాధానం: మళ్లీ లక్షణ. ఈసారి గంగా లేదు, పల్లే లేదు.

ఆక్షేపం: కెనోబీ తన గురువు యోడా అని 1980లో అన్నాడు. 1999లో గురువు క్వై-గాన్ జిన్. సమాధానం: సుగమం.

ఆక్షేపం: 2005 నాటి కథకూ 1977 నాటి కథకూ మధ్య 19 ఏళ్లు. 30లలో ఉన్న ఈవాన్ మెక్‌గ్రెగర్ అంతలో 60 దాటిన అలెక్ గిన్నెస్ ఎలా అయ్యాడు? సమాధానం: ఎడారి ఎండ.

విశేషం

ప్రతినాయకుడి పూర్వకథ చెప్పడం అమెరికాలో పుట్టిన అలవాటు కాదు. వాల్మీకి రామాయణంలోని ఉత్తరకాండ ముందుభాగం అచ్చంగా రావణుడి పూర్వకథ. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’లో, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’లో దాన్ని తెలుగు చేశారు. అది మొదలయ్యే తీరు గమనించదగినది. పట్టాభిషేకం అయ్యాక మునులు వచ్చి, ఇంద్రజిత్తును చంపించినందుకు రాముణ్ణి ప్రత్యేకంగా మెచ్చుకుంటారు. రావణుణ్ణి వదిలి కొడుకును ఇంతగా ఎందుకు చెబుతున్నారని రాముడికి సందేహం కలుగుతుంది, అడుగుతాడు. అప్పుడు అగస్త్యుడు పులస్త్యుడి నుంచి ఎత్తుకుంటాడు. అడిగినవాడున్నాడు, చెప్పేవాడికి అధికారముంది, కథానాయకుడైన రావణుడు చచ్చిపోయి అడ్డు చెప్పలేని స్థితిలో ఉన్నాడు. పూర్వకథకు ఇంతకంటే మర్యాదైన ముహూర్తం ఉండదు.

అగస్త్యుడి కథలోనూ తల్లి ఉంది. పుష్పకంలో వచ్చిన కుబేరుణ్ణి చూపించి, నువ్వూ అంతటివాడివి కావాలని కైకసి కొడుకుతో అంటుంది. కొడుకు ఏడవలేదు, ఈర్ష్యపడి తపస్సుకు పోయాడు. వెయ్యేళ్లకొక తల చొప్పున తొమ్మిది తలలు నిప్పులో వేశాడు, పదో తల నరుక్కోబోతుంటే బ్రహ్మ వచ్చాడు. కైలాసాన్ని పెకలించబోయి చేతులు నలిగి అరిచాడు. ఈ కథ విన్నాక యుద్ధకాండలో చచ్చినవాడు ఇంకా పెద్దవాడవుతాడు. 1958 నాటి ‘భూకైలాస్’లో ఎన్.టి. రామారావు రావణుడు ఆత్మలింగం కోసం తపించినా, పరమభక్తుడిగా కనిపించినా, ఇతడు రేపు లంకను ఏలగలడా అన్న సందేహం రాదు. ఆయనే స్వయంగా తీసి, ‘స్టార్ వార్స్’ కంటే నాలుగు నెలల ముందు, 1977 జనవరిలో విడుదల చేసిన ‘దానవీరశూరకర్ణ’లో సుయోధనుడికి గౌరవం తెచ్చినవి కొండవీటి వెంకటకవి సంభాషణలు. ఆ సుయోధనుడు తన పక్షం తానే వాదించుకుంటాడు. తన మీద జాలిపడమని అడగడు.

అయితే ఉత్తరకాండ కూడా ఒకచోట లూకస్ చేసిన పనే చేసింది. సుందరకాండలో రావణుడు, ఇష్టపడని నిన్ను తాకనని సీతతో అంటాడు. అది అతడి నోటి మాట. అహంకారమో, ఆభిజాత్యమో, ఏదైతేనేం, అతడిది. తరవాత దీనికి కారణం కావలసి వచ్చింది. యుద్ధకాండలోనే పుంజికస్థలను బలాత్కరించినందుకు బ్రహ్మ ఇచ్చిన శాపం ఉంది. చాలదన్నట్టు ఉత్తరకాండ రంభ కథ తెచ్చి నలకూబరుడి శాపం కలిపింది. ఒక నిగ్రహానికి రెండు శాపాలు. శాపం తెలిశాక సుందరకాండ రావణుడు తల పగులుతుందని భయపడిన మనిషి. అప్పటిదాకా అతడు ఏమిటో తేల్చుకోవలసిన పని వినేవాడిది. ఆ పని పోయింది.

ఇక వ్యాఖ్యాత ధర్మమేమిటో చెప్పడానికి మల్లినాథసూరి కంటే తగినవాడు లేడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికే తన సంజీవని అని చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ముందే మాటిచ్చాడు. కుమారసంభవానికి ఎనిమిది సర్గల దాకానే వ్యాఖ్య చేశాడు. తొమ్మిది నుంచి పదిహేడు దాకా ఉన్నవి వేరెవరో అతికినవని పండితుల అభిప్రాయం. ఎక్కడ ఆగాలో తెలియడం పాండిత్యంలో భాగమని ఒక కొల్చారం పండితుడికి తెలుసు. 2012లో 400 కోట్ల డాలర్లకు పైగా పోసి లూకస్‌ఫిల్మ్‌ను కొన్న డిస్నీ నుంచి అదే ఆశించడం న్యాయం కాదు; పెట్టుబడి పెట్టినవాడు తొమ్మిదో సర్గ తీయకుండా ఉండలేడు.

ప్రకృతం.

అలంకారం, రసం

భార్యను చావునుంచి తప్పించాలని చేసిన ప్రయత్నమే ఆమె చావుకు దారితీయడం విషమాలంకారం. తిండి దొరుకుతుందని పాముబుట్ట కొరికిన ఎలుక పాము నోట పడడాన్ని అప్పయ్య దీక్షితుడు ‘కువలయానందం’లో దీనికి ఉదాహరణగా ఇచ్చాడు. అలంకారం నిర్దుష్టం. నాయకుణ్ణి ఎలుక స్థానానికి దింపడమే చిక్కు.

ఇక్కడే అసలు లోటు బయటపడుతుంది. పాణిని లెక్కలో కర్త అంటే స్వతంత్రుడు. 1977 వేడర్ కర్త: చెడ్డవాడు కావాలనుకుని అయ్యాడు, ఆ కోరిక ఎలా పుట్టిందో చూసేవాడి ఊహకు వదిలారు. 1983 చివర్లో మంచివాడు కావాలనుకుని అయ్యాడు. రెండూ అతడి నిర్ణయాలే కనుక రెండో దానికి విలువ వచ్చింది. పూర్వకథాత్రయంలో అతడికి జోస్యం ఒక కారణం, నెత్తుటిలో జీవకణాలు ఒక కారణం, తల్లి ఎడబాటు ఒక కారణం, పీడకల ఒక కారణం, జెడై సభలో కుర్చీ ఇచ్చి గురువు హోదా ఇవ్వకపోవడం ఒక కారణం. కారణాలు పెరిగేకొద్దీ కర్త కుంచించుకుపోయాడు. ఎవరెవరో చేసినవన్నీ అతడికి జరిగాయి. చేసినవాడు పోయి బాధితుడు మిగిలాడు. బాధితుడిపై జాలి కలగవచ్చు, భయం కలగదు. భయానకం తీసి కరుణం పెట్టబోతే, ఇసుక దగ్గరా, ముసుగు తొడిగాక పెట్టిన పెడబొబ్బ దగ్గరా ప్రేక్షకుడు నవ్వాడు. దీన్ని రసాభాసం అనడం మర్యాద.

గుణం కూడా చెప్పాలి. ఈ త్రయంలో ధ్వని ఒకచోట పరిపూర్ణంగా ఉంది. 2005 చిత్రంలో నాటకశాలలో కూర్చుని పాల్పటీన్ అనకిన్‌కు పాత గురువొకడి కథ చెబుతాడు: ఇతరులను చావునుంచి కాపాడగలిగినవాడు నిద్రలో తన శిష్యుడి చేతిలో చచ్చాడని. ఆ శిష్యుడు తానేనని పాల్పటీన్ అనడు. ఇయన్ మెక్‌డయార్మిడ్ పెదవి చివర అది తెలిసిపోతుంది. గణతంత్రం ఒకరు దండెత్తి రావడం వల్ల కాక, సభ చప్పట్ల మధ్య కూలిపోవడం కూడా మూలంలో లేని మంచి చేర్పు. అత్యవసర అధికారాలకు ప్రతిపాదన జార్ జార్ బింక్స్ అనే విదూషకుడి నోట రావడం ఏ దేశపు పాఠకుడికైనా టీక అక్కరలేని ఘట్టం. లూకస్‌కు రాజ్యం పతనం చెప్పడం వచ్చు. మనిషి పతనం దగ్గరే రక్తపరీక్ష చేయించాడు.

మహాభాష్యానికి కైయటుడి ప్రదీపం, ప్రదీపానికి నాగేశుడి ఉద్ద్యోతం ఉన్నట్టు, ఈ వ్యాఖ్యకూ ఉపవ్యాఖ్యలు పుట్టాయి. 2008లో మొదలైన ‘ది క్లోన్ వార్స్’ యానిమేషన్ అనకిన్‌కు అసోకా టానో అనే శిష్యురాలిని ఇచ్చి, చిత్రాల్లో లేని స్నేహమూ, నవ్వూ, నాయకత్వమూ అతడికి సమకూర్చింది. మొదటి వ్యాఖ్య కంటే ఇదే మెరుగు. 2016 నాటి ‘రోగ్ వన్’ చివర్లో చీకటి నడవలో మొదట ఊపిరి వినిపించి, తరవాత ఎర్రటి ఖడ్గం వెలుగుతుంది. ఏ కారణమూ చెప్పరు. వేడర్ కొద్ది క్షణాలు మళ్లీ కర్త అవుతాడు. 2022 నాటి ‘ఓబీ-వాన్ కెనోబీ’ ధారావాహికలో గురుశిష్యులు మధ్యలో మళ్లీ తలపడతారు. అలా 1977 నాటి పోరాటం చాలా ఏళ్ల తరవాతి కలయిక అన్న బరువు కోల్పోయింది. పూర్ణం బూరెలోకి ఎలా దూరిందో చూపిస్తామని ఇన్నిసార్లు చీల్చాక, విస్తట్లో మిగిలింది పొట్టు.

పాఠాంతరాలు

ఇంతవరకూ చెప్పినవి వ్యాఖ్యల దోషాలు. మూలం చదువుకునేవాడు వ్యాఖ్యను పక్కన పెట్టుకోవచ్చు. ఈ విషయంలో ఆ వీలు కూడా లేకుండా చేశారు. తాటాకుల్లో అంచున రాసిన వివరణ ఎత్తిరాతలో మూలంలోకి జొరబడడం లేఖకుల పొరపాటు. ఇక్కడ కర్తే కూర్చుని ఆ పని చేశాడు.

1983లో ముసుగు తీసిన ముఖం సెబాస్టియన్ షా అనే 70 దాటిన నటుడిది. చివర్లో ఆత్మరూపంలో నిలబడి నవ్విందీ ఆయనే. 2004 డీవీడీలో ఆత్మను చెరిపి హేడెన్ క్రిస్టెన్సెన్‌ను నిలబెట్టారు. ఆ చిత్రం విడుదలైనప్పుడు క్రిస్టెన్సెన్ వయసు రెండేళ్లు. పూర్వకథకు మూలం సాక్ష్యం చెప్పాలి గనుక మూలాన్ని సవరించారు.

2011 బ్లూ-రేలో చేసినది ఇంకా ఘోరం. 1983లో చక్రవర్తి ల్యూక్‌ను మెరుపులతో మాడుస్తుంటే వేడర్ మాట్లాడడు. కొడుకువైపు చూస్తాడు, చక్రవర్తివైపు చూస్తాడు, మళ్లీ కొడుకువైపు చూస్తాడు. ముసుగు కదలదు, కదిలే భాగం దానిలో లేదు. కదిలినదంతా చూసేవాడి మనసులోనే. ఆ నిశ్శబ్దంలో అతడి నుంచి వచ్చేది ఒక్క ఊపిరి చప్పుడే, అంటే ఈ టీకకు మూలమైన గ్రంథమే ఉంది. వ్యంగ్యాన్ని కవి తన మాటల్లో బయటపెట్టేస్తే అది ధ్వని అనిపించుకోదని ఆనందవర్ధనుడు వెయ్యేళ్ల కిందటే తేల్చాడు. 2011లో ఆ నిశ్శబ్దం మీద వేడర్ చేత వద్దు వద్దని అరిపించారు. చూసేవాడికి అర్థం కాదేమోనని. దాదాపు మూడు దశాబ్దాలపాటు అర్థం చేసుకున్నవారిని ఒక్క అరుపుతో మందబుద్ధుల జాబితాలో వేశారు.

తాత్పర్యం

లోపలికి, బయటికి. ఒకడు ఊపిరి పీల్చుకుంటున్నాడు, అతడు భయంకరుడు, అతడు మనిషి అని భావం. ఈ మాత్రం గ్రహించడానికి అతడి బాల్యం, అతడి రక్తం, అతడి కలలు అక్కరలేదు. ముందుకథ రాయదలచినవారు పాత్రకు కొత్త పనులు ఇవ్వవచ్చు. పాత పనులకు కారణాలు ఇవ్వడం మొదలుపెడితే పాత్ర చేతిలోంచి పని లాగేసుకున్నట్టే.

1977 నాటి ‘స్టార్ వార్స్’ 1989లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికకు ఎంపికైన మొదటి 25 చిత్రాల్లో ఒకటి. మార్పులు లేని పాత మూడు చిత్రాలను 2006లో డీవీడీల్లో అదనపు డిస్కులుగా అరకొర నాణ్యతతో ఇచ్చారు. తరవాతి బ్లూ-రేల్లో ఉన్నవి సవరించిన ప్రతులే. హక్కులు ఉన్నవారు ఆ మూడింటినీ విడుదలనాటి రూపంలోనే శుభ్రం చేసి ఇంటింటికీ అందేలా తేవాలి. వ్యాఖ్యలు ఎన్నైనా రాసుకోవచ్చు. మూలం మాత్రం చదువరికి దక్కాలి.